మా ఫియట్టు చెక్క స్టీరింగు

మా ఇంట్లో నలభై ఏళ్లుగా అందరమూ ‘చెక్క స్టీరింగు’ అని పిలుచుకున్న వస్తువు చెక్క కానే కాదని నాకు తెలిసింది పోయిన నవంబరులో, వసారాలో 80 నంబరు ఉప్పు కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్న ఒక ఆదివారం ఉదయం. పగులు అంచును కొద్దిగా రుద్దేసరికి పైనున్న గోధుమరంగు పొర లేచిపోయింది. రంపపు పొట్టు రాలుతుందని నేను కింద పరిచిన వార్తాపత్రిక మీద మీగడరంగు ప్లాస్టిక్ పొడి రాలింది. దానికి చెక్క వాసన లేదు సరికదా, పాత స్క్రూడ్రైవర్ల పసుపుపచ్చ పిడుల నుంచి వచ్చే, పులిసిపోయిన వెన్నలాంటి ఒక వాసన వచ్చింది. సెల్యులోజ్ అసిటేట్ బ్యూటిరేట్ అనే పాతకాలపు ప్లాస్టిక్ వయసు మీరినప్పుడు వచ్చే వాసన అది. ఒకప్పుడు స్క్రూడ్రైవర్ల పిడులకూ కార్ల స్టీరింగులకూ ఈ పదార్థాన్ని విరివిగా వాడేవారు.

బండి 1979 నాటి ప్రీమియర్ పద్మిని. కంపెనీ పేరు ఏదైనా కడపలో దాన్ని ఫియట్టు అనకుండా పద్మిని అన్నవారిని నేను చూడలేదు. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ, ముందు ఒకటే పొడవాటి సీటు. మా నాయన నాపరాళ్ల వ్యాపారం చేసేవారు. ఎర్రగుంట్లకూ జమ్మలమడుగుకూ ఈ బండిలోనే తిరిగేవారు. 1983లో ఏదో పని మీద మద్రాసు వెళ్లినప్పుడు, కార్ల విడిభాగాల దుకాణాలకు పేరుపడ్డ జనరల్ పాటర్స్ రోడ్డులో ఈ స్టీరింగు కొని, దాన్ని ఒళ్లో పెట్టుకుని రైలులో తెచ్చారట. మూడు స్పోకులు, వాటి మీద నికెల్ మెరుపు, చుట్టూ టేకు ఈనెలు ఉన్న రిమ్ము. ‘అసలు సిసలు టేకు’ అని దుకాణదారు చెప్పాడని నాయన, నాయన చెప్పారని మేము, మేము చెప్పామని వీధిలో వాళ్లు నమ్ముతూ వచ్చాం.

ఇందులో దుకాణదారును తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. మోటారు కార్ల తొలినాళ్లలో స్టీరింగు చక్రాలు నిజంగా చెక్కతోనే చేసేవారు. తరువాత గట్టి రబ్బరు, దాని వెంట రకరకాల ప్లాస్టిక్కులు వచ్చి చెక్కను పక్కకు నెట్టాయి. చెక్కకు మళ్లీ హోదా తెచ్చినవి పందెపు కార్లు. 1950లలో ఇటలీలో ఎన్రికో నార్డి అల్యూమినియం స్పోకులకు చెక్క రిమ్ము బిగించి చేసిన స్టీరింగులు ఫెరారీ వంటి కార్లలోకి ఎక్కాయి. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైపులో కూడా చెక్క రిమ్మే ఉంది. అక్కడి నుంచి చెక్క స్టీరింగు అంటే వేగం, డబ్బు, అభిరుచి అనే భావం స్థిరపడింది. అయితే అంత చెక్కపని అందరి కార్లకూ చేయడం కుదరదు కనుక ప్లాస్టిక్ మీద చెక్క ఈనెలు దిద్దడం మొదలైంది. 1965లో అమెరికాలో షెవర్లే వారు కార్వెట్ కొనేవారికి అదనపు ధర మీద నిజమైన టేకు స్టీరింగు ఇచ్చారు. అదే సంవత్సరం ఫోర్డ్ వారు మస్టాంగ్ ఖరీదైన రకంలో పెట్టిన స్టీరింగు చూడటానికి చెక్క, పట్టుకుంటే ప్లాస్టిక్. మా నాయన ఒళ్లో కూర్చుని కడపకు వచ్చినది ఆ రెండో వంశానికి చెందిన దూరపు చుట్టం.

చెక్కయినా ప్లాస్టిక్కయినా లోపల ఉన్నది ఇనుప కడ్డీయే. పగుళ్ల కథ అంతా అక్కడే ఉంది. నా స్టీరింగు వ్యాసం పదిహేను అంగుళాలు, అంటే చుట్టుకొలత దాదాపు 120 సెంటీమీటర్లు. డిసెంబరు తెల్లవారుజామున వసారాలో 20 డిగ్రీలు ఉన్న ఈ వస్తువు, మే నెలలో అద్దాలు బిగించి ఎండలో నిలిపిన బండిలో 70 డిగ్రీల దాకా పోతుంది. ఆ 50 డిగ్రీల తేడాకు ఇనుప కడ్డీ సాగేది ముప్పాతిక మిల్లీమీటరుకు మించదు. ఈ రకం ప్లాస్టిక్ వ్యాకోచం ఇనుముకు సుమారు పది రెట్లు కనుక, దానిని దాని మానాన వదిలితే ఏడు మిల్లీమీటర్లు సాగాలి. కడ్డీ సాగనివ్వదు, ప్లాస్టిక్ ఊరుకోదు. దీనికి తోడు ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే పదార్థాలు ఏళ్లు గడిచేకొద్దీ ఆవిరైపోతాయి, ఎండలోని అతినీలలోహిత కిరణాలు పై పొరను పెళుసు చేస్తాయి, మొత్తం తొడుగు శాశ్వతంగా కుదించుకుపోతుంది. అలా కుదించుకుపోయినది చలికాలంలో మరికాస్త బిగుసుకుని, ఎక్కడ పట్టు ఎక్కువగా ఉంటే అక్కడ, అంటే స్పోకు రిమ్మును కలిసే చోట, చీలుతుంది. ఇలాంటి స్టీరింగుల్లో చాలావాటికి మొదటి పగులు స్పోకు పక్కనే కనిపిస్తుంది. నా దానికి ఏడు పగుళ్లు ఉంటే అయిదు స్పోకుల దగ్గరే ఉన్నాయి.

వాటిని ఇన్నాళ్లూ దాచిపెట్టినది ఒక రెక్సిన్ కవరు. ఇరవై ఏళ్ల కిందట ఒక సీటు కవర్ల దుకాణంలో పగుళ్ల మీద ఎమ్-సీల్ పూసి, దానిమీద జిగురు పట్టించి, రెక్సిన్ చుట్టి దారంతో కుట్టి ఇచ్చారు. కవరు విప్పి చూస్తే ఎమ్-సీల్ ముద్దలు గోటితో తీస్తేనే ఊడి వచ్చాయి. పగులులోకి దిగకుండా పైన కూర్చున్న దేనికైనా అదే గతి. రెక్సిన్ కింద చేరిన చెమట పగుళ్లలోకి దిగి కడ్డీని తుప్పు పట్టించింది. తుప్పు ఉబ్బి పగుళ్లను ఇంకాస్త వెడల్పు చేసింది.

స్టీరింగు ఊడదీయడం పెద్ద పని కాదు. బాటరీ తీగ తప్పించాలి, లేకపోతే హారన్ మన అనుమతి లేకుండా మోగుతుంది. హారన్ బటన్ తీసి, మధ్యలోని నట్టు వదులు చేసి, నట్టును పూర్తిగా తీయకుండా రెండు మరలు ఉంచి, బిగిసిన స్టీరింగును లాగి తీసే పుల్లర్ అనే పనిముట్టు పెట్టాలి. పుల్లర్ లేదని రిమ్మును ఛాతీకేసి లాగితే అది ఒక్కసారిగా ఊడి మూతి పగలగొడుతుంది. తీసే ముందు షాఫ్టు మీదా స్టీరింగు మీదా ఎదురెదురుగా సెంటర్ పంచితో చిన్న గుర్తు కొట్టుకోవాలి. ఈ మాట నాకు ఇద్దరు మెకానిక్కులు చెప్పారు. నేను పెన్నుతో గీసుకున్నాను.

నేను చేసిన అసలు తప్పు ఆ తరువాతది. రెక్సిన్ జిగురు మరకలు సబ్బునీటికి పోకపోయేసరికి, ఇంట్లో మిగిలి ఉన్న, పెయింట్లను పలుచన చేసే ఎన్‌సీ థిన్నర్‌ను గుడ్డకు పట్టించి గట్టిగా తుడిచాను. జిగురు పోయింది, దాని కిందనున్న ప్లాస్టిక్ కూడా కరగడం మొదలుపెట్టింది. తడి మెరుపు చూసి శుభ్రమైందని సంబరపడి బొటనవేలితో నొక్కి చూశాను. ఆరిన తరువాత చూసుకుంటే కింది స్పోకు పక్కన నా వేలిముద్ర రిజిస్ట్రారు ఆఫీసులో వేసినంత స్పష్టంగా అచ్చయి ఉంది. దాన్ని అరగదీయడానికి ఒక పూట పట్టింది. ఈ రకం ప్లాస్టిక్ మీద థిన్నర్, అసిటోన్ వాడకూడదు. గిన్నెలు తోమే ద్రవమూ గోరువెచ్చని నీళ్లూ, మరీ మొండి జిగురుకు గుడ్డ మీద కాస్త కిరోసిన్, అంతకు మించి అక్కరలేదు.

పగుళ్ల దగ్గర తొందరపడకూడదని మాత్రం ముందే నిర్ణయించుకున్నాను. సన్నని వెంట్రుకవాసి పగులును పూడ్చడం కన్నా దాన్ని పెద్దది చేసి పూడ్చడం మేలు అన్నది వినడానికి ఎదురు మాటలా ఉంటుంది గాని, పదార్థం లోపలికి దిగాలంటే దారి ఉండాలి కదా. హాక్సా బ్లేడుతో ప్రతి పగులునూ కడ్డీ కనిపించేదాకా కోసి, ముక్కోణపు ఆకురాయితో పైన వెడల్పు, కింద సన్నం వచ్చేలా అంచులు వాలుగా తీశాను. పగులు చివర ఎక్కడ ఆగిందో భూతద్దంతో వెతికి, అక్కడ ఒక మిల్లీమీటరు డ్రిల్లుతో చిన్న రంధ్రం పెట్టాను. ఆ రంధ్రం లేకపోతే పగులు పూడ్చిన తరువాత కూడా చివరి నుంచి ముందుకు పాకుతుంది. కడ్డీ మీది తుప్పును గీకి, తుప్పును నిలిపే ద్రవం పూసి ఆరబెట్టాను. వాలుగా తీసిన అంచులను 80 కాగితంతో గరుకు చేశాను, నునుపైన అంచుకు ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) పట్టదు.

పూరకానికి నేను వాడినది నిదానంగా గట్టిపడే అరల్డైట్ అనే ఎపాక్సీ. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం ఉంది గాని, కలిపి కడ్డీ చుట్టూ అద్దేలోపే అది ముద్దవుతుంది. రెసిన్, హార్డెనర్ సమానంగా తీసుకుని, అరగదీసినప్పుడు రాలిన ప్లాస్టిక్ పొడినే కొంచెం అందులో కలిపి, పంటిపుల్లతో లోపలి మూలల దాకా నొక్కాను. లోతైన పగుళ్లను ఒకేసారి నింపకుండా రెండు దఫాలుగా నింపాను. మొదటి దఫా రాత్రంతా ఆరాక దాన్ని గరుకు చేసి రెండో దఫా పెట్టాను. అంచుల కన్నా కాస్త ఎత్తుగా ఉంచి తరువాత ఆకురాయితో దించాలి. సమానంగా పూస్తే ఆరాక గుంట పడుతుంది.

ఆకారం నిలబెట్టడం ఇంకో తలనొప్పి. రిమ్ము వెనకవైపు వేళ్లు పట్టడానికి చిన్నచిన్న గుంటలు ఉంటాయి. చేతితో రుద్దుతూ పోతే అవి తెలియకుండానే చదునై, రిమ్ము పైపులా తయారవుతుంది. బాగున్న భాగం మీద పెట్టి పెళ్లిపత్రిక అట్టను ఆ వంపుకు సరిపోయేలా కత్తిరించుకున్నాను. పూడ్చిన ప్రతి చోటా ఆ అట్ట ఆనించి, వెలుతురు ఎక్కడ నుంచి కనబడుతుందో చూసుకుంటూ 120, 220, 320, 400 నంబర్ల కాగితాలతో దించుకుంటూ పోయాను. సంక్రాంతి సెలవులన్నీ దీనికే అయిపోయాయి. ఇంట్లో వాళ్లు అరిసెలు తింటుంటే నేను ప్లాస్టిక్ పొడి పీలుస్తున్నానని మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పింది. ముక్కుకు గుడ్డ కట్టుకున్నానని ఆమెకు చెప్పినా లాభం లేకపోయింది.

ఈలోపు సలహాలు వస్తూనే ఉన్నాయి. మెకానిక్కు ‘తీసి పారేయి సార్, కొత్తది రెండు వేలకొస్తాది’ అన్నాడు. మాకు తెలిసిన వడ్రంగి, ప్లాస్టిక్ అంతా చెక్కేసి కడ్డీ మీద నిజం టేకు ముక్కలు రెండు సగాలుగా పొదిగి అతికిస్తానన్నాడు. మాటల్లో మాటగా ఎర్రచందనమైతే ఇంకా బాగుంటుందని నవ్వాడు. పాలకొండల నీడలో, లంకమల పక్కన బతికే మాకు ఎర్రచందనం పేరు నవ్వులాటకు కూడా గట్టిగా పలకాలంటే భయమే. ఆ చెట్టు కొట్టినందుకు ఎంతమంది జైళ్లలో ఉన్నారో చూస్తున్నాం కదా. ఇంకొకరు బెంగళూరులో నీళ్లలో తేలే ఫిల్ముతో చెక్క డిజైను ఎక్కించే పద్ధతి గురించి చెప్పారు. ఆ పద్ధతి చదునైన డాష్‌బోర్డు ముక్కలకు చక్కగా ఉంటుంది, గుండ్రని రిమ్ము వెనకవైపు మాత్రం ఫిల్ము అంచులు కలిసే గీత దాగదు. ఇవన్నీ కాదన్నది మొండితనమే కావచ్చు. నాయన కొన్నది టేకు అనుకున్న ప్లాస్టిక్, దాన్ని నేను నిజం టేకు చేస్తే ఆ వస్తువే వేరై కూర్చుంటుంది.

చెక్క ఈనెలు దిద్దేవారి కోసం దూరం పోనక్కరలేదు. కడపలో ఇనుప తలుపులకు, ఇనుప బీరువాలకు టేకు డిజైను వేసే పెయింటర్లు ఒకప్పుడు వీధికొకరు ఉండేవారు. స్టిక్కర్లు వచ్చాక ఆ పని సన్నగిల్లింది గాని, పెద్ద దర్గా వైపు ఒక పెద్దాయన ఇంకా చేస్తారని తెలిసి వెళ్లాను. అరవై దాటిన మనిషి. స్టీరింగును తిప్పి తిప్పి చూసి, మిగిలి ఉన్న పాత ఈనెల మీద గోరుతో రాసి, ‘ఏం సార్, చెట్టు యాడన్నా గుండ్రంగా పెరుగుతాదా?’ అని అడిగారు.

నాకు మొదట అర్థం కాలేదు. ఆయన చూపించాక నలభై ఏళ్లుగా నా కళ్ల ముందున్నది నాకు కనిపించింది. ఫ్యాక్టరీలో దిద్దిన ఈనెలు రిమ్ము చుట్టూ తెగకుండా, మొదలూ చివరా లేకుండా తిరిగి వస్తున్నాయి. నిజమైన చెక్క అలా ఉండదు. ముక్కలు ముక్కలుగా కోసి అతికిస్తే ప్రతి అతుకు దగ్గరా ఈనెల దిశ మారుతుంది, పలుచని పట్టీలను ఆవిరి పట్టి వంచినా ఎక్కడో ఒక అతుకు తప్పదు. ‘నాలుగు అతుకులు పెట్టి యిస్తా, చూసినోడు టేకు కాదంటే దుడ్లు వాపస్’ అన్నారాయన. ఆయన చేయి అటువైపు లాగుతోంది. మంచి పనివాడికి తప్పుగా గీయమని చెబితే బాధే. ‘వద్దు భాయ్, ఉన్నది ఉన్నట్టే గుండ్రంగా తిప్పండి’ అని నేను పట్టుబట్టాను. ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి, తన పనితనం నేను అర్థం చేసుకోలేదని తేల్చుకున్నట్టుగా సరేనన్నారు.

రంగుల వరస ఆయన చెప్పినదే. ముందు బూడిదరంగు ప్రైమర్, దానిమీద టేకులోని అన్నింటికన్నా లేత రంగు, అంటే కొంచెం ఎరుపు తగిలిన బెల్లం రంగు, రెండు పూతలు. అది పూర్తిగా ఆరాక, లిన్సీడ్ నూనెలో పలుచగా కలిపిన ముదురు గోధుమరంగును రిమ్ము మీద పూసి, తడి ఆరకముందే దాన్ని లాగి తీయడం. పూసేది రంగు, కనిపించే ఈనె మాత్రం తీసేయగా మిగిలినది. తలుపులకైతే సైకిల్ ట్యూబు ముక్కకు పళ్లు కోసి దువ్వుతారు. వేలంత లావున్న రిమ్ముకు ఆయన తీసింది వెంట్రుకలు సగం రాలిన ఒక పాత బ్రష్షు. రిమ్మును ఎడమచేత్తో మెల్లగా తిప్పుతూ కుడిచేతిని కదల్చకుండా పెట్టారు. బ్రష్షు కాక స్టీరింగే కదిలింది. మధ్యలో ఒక్కోసారి మణికట్టును గింజంత వణికించేవారు. అక్కడ ఈనె కొద్దిగా అల తిరిగి, చెక్కలో ముడి దగ్గర ఉండే వంపు వచ్చేది. స్పోకు దగ్గరకు వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది. మొదటిసారి నచ్చక కిరోసిన్ గుడ్డతో మొత్తం తుడిచేశారు. రెండోసారీ తుడిచేశారు. మూడోసారి దిద్దింది చూసి, మాట్లాడకుండా స్టీరింగును మేకుకు తగిలించి బీడీ వెలిగించుకున్నారు, అది కూడా రంగుల డబ్బాలకు దూరంగా, వీధిలోకి వెళ్లి.

రంగులు పడకముందు ఒక సందేహం తేల్చుకోవాల్సి వచ్చింది. గడియారంలో రెండు గంటల ముల్లు ఉండే చోట జానెడు మేర పాత ఈనెలు పూర్తిగా చెరిగిపోయి, పూత అరిగి లోపలి రంగు బయటపడి ఉంది. ఎడమచేయి గేరు కడ్డీ మీద ఉండే బండిలో నాయన కుడిచేయి పొద్దంతా అక్కడే ఉండేది. నాపరాళ్ల దుమ్ము, చెమట కలిసిన అరచేయి ఇరవై ఏళ్లు ఒకేచోట రుద్దితే ఉప్పు కాగితం చేసే పనే చేస్తుంది. ఆ భాగాన్ని అలాగే వదిలి పైన పారదర్శకమైన పూత వేద్దామా అని అమ్మను అడిగాను. ‘మీ నాయన చెయ్యి పెట్టిన చోటే కదరా చెడింది. దాన్నే బాగు చేయకుంటే ఇంకేం చేసినట్టు?’ అంది. ఫోటో తీసుకుని రంగు వేయించాను.

చివరి పూత నేనే రంగు చల్లే పిస్టల్‌తో కొట్టాను. నూనె రంగు మీద టూ-కే పాలీయూరిథేన్ క్లియర్ (హార్డెనర్ కలిపి వేసే పారదర్శకమైన పూత) వేస్తే ఏమవుతుందోనన్న అనుమానంతో, అంగుళం పీవీసీ పైపు ముక్క మీద పెద్దాయన చేత అదే రంగు ముందుగానే వేయించుకుని ఉంచాను. రెండో రోజే క్లియర్ కొడితే పైపు మీది ఈనెలు ముడతలు పడ్డాయి. పన్నెండు రోజులు ఆరిన తరువాత, మొదటి రెండు పూతలు మంచులా పలుచగా చల్లి ఆరనిచ్చి, ఆపైన తడి పూతలు వేస్తే నిలిచింది. స్టీరింగుకూ అలాగే చేశాను. ఈ క్లియర్ హార్డెనర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి. దీనికి ముక్కుకు గుడ్డ సరిపోదు, మామూలు ఫిల్టరు మాస్కూ చాలదు, బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు పెట్టుకోవాలి. మా ఊరి ఎండకు ఫిబ్రవరి దాటితే థిన్నర్ గాలిలోనే ఆరిపోయి పూత నారింజ తొక్కలా గరుకుతేలుతుంది కనుక, తెల్లవారి ఎనిమిది లోపల, నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణిచి, పని ముగించాను. మొత్తం అయిదు పూతలు. వారం ఆగి 1500, 2000 వాటర్ పేపరుతో తడిపి రుద్ది, రబ్బింగ్ కాంపౌండుతో మెరుపు తెచ్చాను. మరీ అద్దంలా తేవద్దు, చెమట చేతికి జారుతుంది.

బిగించాక మొదటి పరుగు దేవుని కడపకు. దారి తిన్నగా ఉన్నా స్పోకులు ఒక పక్కకు ఒరిగి కనిపించాయి. పెన్ను గీత థిన్నర్‌తో పాటే పోయింది కదా, స్టీరింగు షాఫ్టు పళ్లలో ఒకటి తప్పి కూర్చుంది. మళ్లీ విప్పి సరిచేసి, ఈసారి పంచితో గుర్తు కొట్టాను. అన్నీ కలిపి, పెద్దాయనకిచ్చిన రెండు వేలతో సహా, అయిదు వేల లోపలే అయింది. బండిని చూసిన వాళ్లు ఇప్పటికీ టేకేనా అని అడుగుతున్నారు. మా అమ్మ ఔననే చెబుతోంది.

ఈ వేసవి అంతా బండిని నీడలోనే నిలిపి, స్టీరింగు మీద తెల్లటి తువ్వాలు కప్పి ఉంచాను. జూన్‌లో ఒకరోజు తువ్వాలు తీసి టార్చి వేసి చూస్తే, పూడ్చిన ఏడింటిలో ఆరు చెక్కుచెదరలేదు. కింది స్పోకు ఎడమపక్కన, వేలిముద్ర పడిన చోటికి అంగుళం దూరంలో మాత్రం క్లియర్ కింద వెంట్రుకలాంటి గీత ఒకటి కనబడింది. గోటికి తగలడం లేదు. ఆ పగులు చివర రంధ్రం పెట్టానో లేదో నాకిప్పుడు గుర్తు రావడం లేదు. దాని రెండు కొసల దగ్గరా సూదితో సన్నగా గీసి గుర్తు పెట్టాను, డిసెంబరు చలికి అది గుర్తు దాటితే మళ్లీ హాక్సా బ్లేడు తీయాలి.